బండి దగ్గర తింటానని తోడల్లుడు పరువు తీస్తున్నాడు.. అది నిజంగా విషమేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. మాది వజ్రపుకొత్తూరు మండలం. ఇప్పుడు శ్రీకాకుళం టౌన్‌లో కాపురం. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తున్నాను. రెండో షిఫ్ట్ పడిన వారం బస్సు దిగేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫాస్ట్‌ఫుడ్ బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైసో, నూడుల్సో తినేసి ఇంటికెళ్తాను. వారంలో నాలుగు రోజులు ఇదే. మొన్న సంక్రాంతికి అత్తారింట్లో అందరి ముందూ మా తోడల్లుడు (హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం) ‘ఇంకా ఆ బండి కాడ అలగా తిండేనేటి? అదంతా విషం. అజినొమోటోతో క్యాన్సర్ వస్తాది. మా ఇంట్లో మిల్లెట్స్ తప్ప ముట్టుకోం’ అన్నాడు. అప్పట్నుంచి మా ఆవిడకు ఒకటే టెన్షన్. నేను తినడం మానలేదు గానీ ఇంట్లో చెప్పడం మానేశాను. కంపెనీ చెకప్‌లో బీపీ 136/88, పరగడుపు షుగర్ 108 వచ్చాయి. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. నేను తినేది అంత చెడ్డదా?

- పేరు రాయవద్దని కోరిన పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: విషం కాదు. అయితే మీరు పంపిన అంకెలు చూస్తే, తినే తీరు కొంత మార్చుకోక తప్పదు. మీ తోడల్లుడు గారు మొదటి విషయంలో పొరబడ్డారు. రెండో విషయం ఆయన దృష్టికే రాలేదు. ఆయన చూసింది బండిని. నేను మీ రిపోర్టు చూస్తాను.

పరగడుపు షుగర్ 100 లోపు ఉంటే మామూలు. 126 గానీ ఆపైన గానీ వచ్చి, మళ్లీ చేయించినా అలాగే ఉంటే డయాబెటిస్. మీది 108, అంటే ప్రీడయాబెటిస్. బీపీ ఇంకా 140/90కి చేరలేదు గానీ, 34 ఏళ్ల వయసుకి 136/88 అంటే గట్టు మీద నిలబడ్డట్టే. మీ ఎత్తుకి, బరువుకి లెక్క కడితే బీఎంఐ 27.6 వస్తుంది. పాశ్చాత్యుల లెక్కలో ఇది కాస్త అధిక బరువు. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. కొద్దిపాటి బరువు పెరిగినా మనకు కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, షుగర్ త్వరగా వస్తుంది. అందుకే ఆ తేడా. ఒక టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు చెప్పి సరిపెట్టుకోవద్దు. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటును మనమే కిందకి దించి కట్టుకుంటాం!

ఇక ప్లేటులో ఏముందో చూద్దాం. ఫ్రైడ్ రైస్‌లో అన్నం, గుడ్డు, క్యాబేజీ, క్యారెట్, నూనె, సాస్‌లు, ఉప్పు ఉంటాయి. వీటిలో గుడ్డు, కూరగాయల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చిక్కంతా మిగతా వాటి కొలతతోనే. మీలాంటి వాళ్లకు రోజు మొత్తానికి 25 నుంచి 30 గ్రాముల నూనె చాలు. బండి మీద ఒక్క ప్లేటుకే గరిటెడు పడుతుంది. పెద్ద చెంచాడు సోయా సాస్‌లో, అంటే సుమారు 15 మిల్లీలీటర్లలో, రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. రోజంతటికీ కలిపి 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే. సోయా సాస్, చిల్లీ సాస్, పైన చల్లే ఉప్పు, పక్కన ఇచ్చే కెచప్ అన్నీ కలిస్తే ఆ కోటా రాత్రి పదకొండుకి ఒక్క ప్లేటుతో పూర్తవుతుంది. మీ బీపీకి నేను మొదట అనుమానించేది దీన్నే.

అజినొమోటో సంగతి వేరు. 1908లో కికునయె ఇకెడ అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి ఆ రుచిని వేరుచేశాడు. అందులోని గ్లుటమేట్ టమాటాలోనూ ఉంటుంది, మన శరీరంలోనూ తయారవుతుంది. దానికి చెడ్డపేరు 1968లో మొదలైంది. చైనా హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కినట్టు, గుండె దడ వచ్చినట్టు ఉంటోందంటూ అమెరికాలో ఒక డాక్టర్ వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. అదొక పరిశోధన కాదు, ఉత్తరం మాత్రమే. తర్వాత ఎవరికి ఏమిస్తున్నారో తెలియకుండా పెట్టిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు. సోడియం కూడా మామూలు ఉప్పులో ఉన్నదాంట్లో మూడో వంతే. అయినా ఆ చెడ్డపేరు ఎంత మొండిగా అంటుకుందంటే, కూల్‌డ్రింక్ చేతిలో పట్టుకుని అజినొమోటో వద్దనేవాళ్లను రోజూ చూస్తుంటాను. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో ఆరు చిన్న చెంచాల పైచిలుకు పంచదార ఉంటుందన్నది వాళ్లకు పట్టదు.

నిజంగా జాగ్రత్త పడాల్సినవి ఎవరూ మాట్లాడని చోట ఉన్నాయి. మొదటిది అన్నం. ఫ్రైడ్ రైస్ పొడిపొడిగా రావాలని చాలా బండ్ల మీద మధ్యాహ్నమో, సాయంత్రమో వండి ఆరబెడతారు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి ఒక విషపదార్థాన్ని వదులుతుంది. మళ్లీ పెద్ద మంట మీద వేయించినా అది పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. ఇంట్లో మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రికి తాలింపు వేసుకున్నా ఇదే ప్రమాదం. కాబట్టి బండివాడిని మాత్రమే అనుమానించకండి. అన్నం ఎప్పుడు వండావని అడగండి, రోజూ వచ్చే మనిషికి నిజమే చెబుతాడు.

రెండోది మంచూరియా. పిండిలో ముంచి నూనెలో ఒకసారి, సాస్‌లో మరోసారి వేయిస్తారు. మూకుడులో నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంటే అక్కడ వేయించినదేదీ తినకండి. టోటల్ పోలార్ కాంపౌండ్స్ (పదేపదే కాచిన నూనెలో పేరుకునే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని మన దేశంలో 2018 నుంచి నిబంధన ఉంది. దాన్ని కొలిచే పరికరం మీ దగ్గర ఉండదు గనక కన్ను, ముక్కే ఆధారం. ఎర్రగా మెరిసే గోబీ మీద కూడా ఓ కన్నేయండి. గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో బట్టల రంగు రోడమిన్-బి వాడకాన్ని 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం నిషేధించింది. అది తిండిలో వేయదగ్గ రంగు కాదు.

ఇప్పుడు మీ తోడల్లుడు గారి ప్లేటు కూడా చూడాలి కదా. ఆయన మాల్‌లో తినే పిజ్జాలో మైదా, చీజ్, ఉప్పు ఉంటాయి. పనీర్ బర్గర్ అయినా, కాఫీ షాపులో క్రీమ్ వేసిన కాఫీ అయినా ఏసీలో తిన్నంత మాత్రాన కొవ్వు తగ్గదు. వాటిని ‘ట్రీట్’ అంటాం, బండి మీదిదయితే ‘చెత్త తిండి’ అంటాం. ఈ తేడా బిల్లులో ఉంది. రక్తనాళాలకు బిల్లు కనబడదు.

మిల్లెట్ల మాటకొస్తే నాకు కాస్త నవ్వొస్తుంది. చోడి (రాగి) అంబలి ఉత్తరాంధ్రలో ఎవరి తిండి? పొలానికెళ్లే కూలీలది, ఏజెన్సీ గిరిజనులది. అన్నం తినే ఇళ్లవాళ్లు దాన్ని చిన్నచూపు చూసిన రోజులు మన పెద్దవాళ్లందరికీ గుర్తే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే చోడిపిండి ఇప్పుడు రంగు ప్యాకెట్లలో రాగి మాల్ట్ పేరుతో వస్తోంది. మంచిదే, చోళ్లలో కాల్షియం బియ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ పిండిపదార్థం దాదాపు బియ్యంలో ఉన్నంతే. మెత్తగా మరగబెట్టి, బెల్లం కలిపి పెద్ద గ్లాసుడు తాగితే షుగర్ పెరుగుతుంది. మిల్లెట్ బిస్కెట్లు, మిల్లెట్ నూడుల్స్ కొనేముందు ప్యాకెట్ వెనక చూడండి. చాలాసార్లు మొదటి పేరు గోధుమపిండి లేదా మైదా అయి ఉంటుంది.

ఇంటి తిండికి కూడా మినహాయింపు లేదు. నాలుగు ముక్కల ఆవకాయ, ఎండు చేపల కూర, పప్పులో అప్పడం, పండక్కి పూరీలు వేయించి సీసాలో దాచిన నూనె.. వీటి ఉప్పు, కొవ్వు ఎవరూ లెక్కపెట్టరు. మనిషికి నెలకు 900 మిల్లీలీటర్ల నూనె దాటకూడదు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. రాత్రి పదకొండున్నరకు బండి దగ్గర ఎవరుంటారు? షిఫ్ట్ దిగినవాళ్లు, ఆటోడ్రైవర్లు, రూముల్లో ఉండి చదువుకునే కుర్రాళ్లు, ఆస్పత్రిలో రోగికి తోడున్నవాళ్లు. ఆ వేళకు వేడి అన్నం పెట్టే దిక్కు బండే. ‘ఇంటి తిండి తినొచ్చు కదా’ అనడం తేలిక. ఆ మాటకు అసలు అర్థం, మీ ఆవిడ అర్ధరాత్రి లేచి పొయ్యి వెలిగించాలని. మిమ్మల్ని అన్న మాట ఆవిడకు తగలడం అందుకే. ఆవిడ టెన్షన్‌కి కారణం మీ షుగర్ ఒక్కటే కాదనుకుంటాను, పుట్టింటివాళ్ల ముందు తన మొగుడికి సరిగ్గా వండిపెట్టడం లేదన్న పేరు పడటం కూడా.

సిగ్గుపెట్టి మాన్పించాలని చూస్తే జరిగేది మీ ఇంట్లో ఇప్పటికే జరిగింది: తినడం ఆగలేదు, చెప్పడం ఆగింది. లావుగా ఉన్నవాళ్లను ఎగతాళి చేస్తే బరువు తగ్గకపోగా ఇంకా ఎక్కువ తింటారనీ, డాక్టర్ దగ్గరికి రావడం వాయిదా వేస్తారనీ పరిశోధనల్లోనూ కనబడింది. నా గదిలోకి వచ్చేవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ‘బయట ముట్టనండీ’. పక్కన కూర్చున్న పిల్లాడు నవ్వుతాడు. అప్పటిదాకా రాసిన డైట్ చీటీ దండగ.

మీరు చేయాల్సింది ఇదీ. అసలు భోజనం వేళ మార్చండి. రాత్రిపూట మన ఒంట్లో ఇన్సులిన్ అంత చురుగ్గా పనిచేయదు. అదే అన్నం మధ్యాహ్నం తిన్నప్పటికంటే అర్ధరాత్రి తింటే షుగర్ ఎక్కువ పెరుగుతుంది. షిఫ్ట్ మధ్యలో ఏడు, ఎనిమిది గంటలకు క్యాంటీన్‌లో గానీ, మధ్యాహ్నమే సర్దుకున్న క్యారేజీతో గానీ కడుపునిండా తినండి. అప్పుడు బస్సు దిగాక ఆకలి సగానికి తగ్గుతుంది. ఆ పూటకు రెండు గుడ్ల ఆమ్లెట్టో, టిఫిన్ బండి ఉంటే మూడు ఇడ్లీలో చాలు. ఫ్రైడ్ రైసే తినాలనిపిస్తే వారానికి ఒకటి రెండు సార్లు తినండి. హోటల్లో కంటే బండి దగ్గర ఒక సౌకర్యం ఉంది, వంట మీ కళ్ల ముందే జరుగుతుంది. ‘రైస్ సగం, గుడ్డు ఇంకోటి, క్యాబేజీ ఎక్కువ వెయ్. నూనె తగ్గించు, సాస్ వద్దు’ అంటే ఎవరూ కాదనరు. కూల్‌డ్రింక్ మాత్రం పూర్తిగా మానేయండి. ఇందులో నేను బేరం ఆడను. తిన్న వెంటనే పడుకోకుండా ఇంటిదాకా నడిచి వెళ్లండి. ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గితే షుగర్, బీపీ రెండూ వెనక్కి వచ్చే అవకాశం బాగా ఉంది. ఈ వయసులో మందుల కంటే అది మేలు.

చివరగా, మీరు యథాలాపంగా రాసిన ఒక వివరం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. మీది వజ్రపుకొత్తూరు మండలం, అంటే ఉద్దానం. అక్కడ ఎందరినో పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అది ఎక్కువగా పట్టింది కూడా పట్నం తిండి తినేవాళ్లను కాదు, పొలాల్లో, కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసి ఇంటి అన్నం తినేవాళ్లను. బీపీ, షుగర్ అంచున ఉన్న ఉద్దానం మనిషికి కిడ్నీ పరీక్ష తప్పనిసరి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, వీటితోపాటు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. తేడా ఏమైనా కనబడితే పలాసలో 2023 డిసెంబర్‌లో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మీ సొంతూరికి దగ్గరే. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనుక్కునే అలవాటుంటే ఈ రోజే ఆపండి. బీపీని వారం రోజులు పొద్దున, సాయంత్రం చూపించుకుని కాగితం మీద రాసుకోండి. రిపోర్టులతో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు బండి సంగతి దాచకుండా ఏం తింటారో, ఎన్ని గంటలకో, ఎంతో చెప్పండి. మీ ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి.