నేవీలో చేరితే పాపమా?

ప్రశ్న: అన్నా, మా తమ్ముడికి నేవీలో జాబ్ వచ్చింది, ఇంట్లో అందరం హ్యాపీ, కానీ అమ్మ మాత్రం ఆదివారం ప్రసంగంలో "నరహత్య చేయకూడదు" అన్న మాట విన్న దగ్గర్నుంచి ఒకటే బెంగ. యుద్ధం వస్తే వాడు చేసేది పాపమేనా?
– ఒక సోదరి, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: చెల్లెమ్మా, ముందు అమ్మగారికి లూకా 3:14 చదివి వినిపించు. సైనికులొచ్చి మేమేం చెయ్యాలి అనడిగితే బాప్తిస్మమిచ్చే యోహాను ఉద్యోగం మానెయ్యమనలేదు, జనాన్ని పీడించొద్దు, జీతంతో సరిపెట్టుకోండి అన్నాడంతే. నరహత్య అన్నచోట హీబ్రూలో ఉన్న మాట కూడా మామూలుగా యుద్ధంలో చంపడానికి వాడేది కాదు.

అలాగని అందరూ ఒప్పేసుకున్నారనుకోకు. సంఘం తొలి రోజుల్లో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత అయితే, పేతురు చేత కత్తి దింపించినప్పుడే ప్రభువు సైనికులందరి కత్తులూ తీసేశాడని వాదించాడు, క్వేకర్లు, మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖలవాళ్ళది ఇప్పటికీ అదే దారి. తర్వాత అగస్టీను అనే బిషప్ వచ్చి తప్పనిసరైతే యుద్ధం చెయ్యొచ్చన్నాడు, 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ పండితుడు దానికి మూడు షరతులు పెట్టాడు: రాజ్యాధికారం ఉన్నవాళ్ళే మొదలుపెట్టాలి, అవతలివాళ్ళు నిజంగా అన్యాయం చేసుండాలి, మనసులో పగ కాకుండా శాంతి ఉండాలి. వేరే దారేదీ మిగలకూడదు, మామూలు జనాన్ని ముట్టుకోకూడదు అన్నవి కూడా తర్వాత గట్టిపడ్డాయి.

నన్నడిగితే ఇవి పర్మిషన్లు కావు, బ్రేకులు. తొక్కేవాళ్ళే తక్కువ! మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల బెల్టు బకిల్ మీద "దేవుడు మాతో ఉన్నాడు" అని ఉండేది, అవతల పక్కన వాళ్ళూ చర్చికెళ్ళేవాళ్ళే మరి. అందుకేనేమో 2020లో పోప్ ఫ్రాన్సిస్, ఈ రోజుల్లో న్యాయమైన యుద్ధం అని చెప్పడం చాలా కష్టం అని రాశారు.

అమ్మగారి బెంగ మాత్రం తప్పు కాదు. న్యాయమైన యుద్ధానికి కూడా తెలివైనవాడు ఏడవాల్సిందే అన్నది ఆ అగస్టీనే. మన బీచ్ రోడ్డులో 1971 విజయ స్తూపం దగ్గర ఫోటోలు దిగుతాం కదా, అప్పుడు మన తీరంలో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీలో ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా బయటికి రాలేదు, వాళ్ళకీ అమ్మలుంటారు. తమ్ముడు ట్రైనింగ్‌కి వెళ్ళేలోపు ఒకసారి అమ్మని, వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళు, ఈ మాటలన్నీ అక్కడే మాట్లాడుకోండి.