పసుపు క్యాప్సూల్స్‌తో క్యాన్సర్ జీన్ ఆగిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు. అమ్మకు 47వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటోంది. తిండితోనే క్యాన్సర్ జీన్‌ని ఆఫ్ చేసేయొచ్చని, పసుపు క్యాప్సూల్స్ వాడమని మా పిన్ని వాట్సాప్‌లో వీడియో పంపింది. సీసా కొనేశాం కూడా. వాడొచ్చా? సోయా ముట్టకూడదా? నాకూ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ సీసా పక్కన పెట్టేయండమ్మా. కూరలో చిటికెడు పసుపు మామూలుగా వేసుకోండి, దాంతో పేచీ లేదు. క్యాప్సూల్‌లో ఉండే మోతాదు వేరు. పైగా ఒంటికి పట్టాలని చాలా రకాల్లో మిరియాల సారం కలుపుతారు. టామాక్సిఫెన్ వాడే కొద్దిమందితో నెదర్లాండ్స్‌లో చేసిన ఒక అధ్యయనంలో, ఈ రెండూ కలిపి తీసుకుంటే రక్తంలో ఆ మందు తగ్గింది. క్యాన్సర్ తిరగబెట్టకుండా అమ్మకు ఇస్తున్న మందే అది. దానికి అడ్డుపడేదాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం దేనికి?

వీడియో అంతా అబద్ధమని మాత్రం అనను. జీన్‌లో రాత మారకుండానే దాని జోరు పెరగొచ్చు, తగ్గొచ్చు. మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు డీఎన్ఏకు అతుక్కుంటే ఆ జీన్ సాధారణంగా నెమ్మదిస్తుంది. ఆ గుర్తులు తయారవడానికి ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్, పాలు, గుడ్లు, చేపల్లో ఉండే బీ12 అనే విటమిన్లు కావాలి. రొమ్ము కణితుల్లో కొన్నిసార్లు, కాపలా కాయాల్సిన జీన్లే ఇలా మూతపడి ఉంటాయి. అయితే దీన్ని స్విచ్ అనుకోకండి, ఫ్యాన్ రెగ్యులేటర్ అనుకోండి. దాన్ని తిప్పే చేతులు చాలా ఉన్నాయి: వయసు, బరువు, హార్మోన్లు, మద్యం, తిండి. ఫలానా కూర తింటే ఫలానా జీన్ ఆగి క్యాన్సర్ తగ్గుతుందని మనుషుల్లో ఇంతవరకూ రుజువు కాలేదు. ల్యాబ్‌లో కణాల మీద పోసే మోతాదు మన కంచంలోంచి రాదు.

చికిత్స ముగిసిన మూడు వేల మందికి పైగా మహిళలతో అమెరికాలో ఏళ్ల తరబడి ఒక ట్రయల్ చేశారు. కూరలు, పళ్లు బాగా పెంచి కొవ్వు తగ్గించినా, జబ్బు తిరగబెట్టడంలో తేడా రాలేదని 2007లో తేలింది.

అలాగని తిండిని వదిలేయమని కాదు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వులోనే. చాలా రొమ్ము క్యాన్సర్లకు ఊతమిచ్చే హార్మోన్ అది. అందుకే నడుం చుట్టుకొలత పెరగకుండా చూసుకోవడం ఏ క్యాప్సూల్ కన్నా మేలు. చోడి (రాగి) అంబలి, ఉలవలు, పెసలు, తోటకూర, చేపలు అన్నీ మంచివే. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపై, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అమ్మ రక్తంలో ఎక్కువుంటే మాత్రం ఆకుకూరలు, పప్పులు ఎంత తినాలో కిడ్నీ డాక్టర్నే అడగండి.

వీడియోల్లో తరచూ వినిపించే సల్ఫోరాఫేన్ అనే పదార్థం క్యాబేజీ, ముల్లంగి జాతి కూరల నుంచి వచ్చేదే. కూర తరిగినప్పుడు ఒక ఎంజైమ్ పనిచేసి ఇలాంటి పదార్థాలను తయారు చేస్తుంది. బాగా ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. దించాక పచ్చి ఆవపిండి కలిపితే మళ్లీ అందుతుంది. ఆవపెట్టిన కూర మనకు కొత్త కాదు కదా! మందనుకుని కాదు, రుచికే తినండి.

మీల్‌మేకర్, సోయా చిక్కుళ్లు మామూలుగా తినొచ్చు. సోయా మాత్రలు, పొడులు వద్దు.

ఇక మీ సంగతి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. అమ్మకు 50 లోపే వచ్చింది కాబట్టి, ముందు ఆవిడకు బీఆర్‌సీఏ రక్తపరీక్ష (వంశపారంపర్య రొమ్ము క్యాన్సర్‌కు దారితీసే జీన్ లోపం ఉందేమో చూసేది) అవసరమా అని ఆవిడ డాక్టర్ని అడగండి. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అమ్మలో ఆ లోపం ఉంటే, అదే లోపం మీకు వచ్చే అవకాశం సగం. అది తిండితో సరయ్యేది కాదు. మీ పరీక్షలు చిన్న వయసులోనే, ఎంఆర్ఐతో మొదలుపెట్టాల్సి వస్తుంది. లేదని తేలినా, అమ్మకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, అంటే 37 నుంచి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఈలోగా రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం కనిపించినా వెంటనే చూపించుకోండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు.