స్పీడ్ బోర్డు మారిస్తే కొత్త పరిమితి ఎప్పటి నుంచి, ఎక్కడి నుంచి?

ప్రశ్న: నేను రోజూ కారులో వెళ్ళే నాలుగు వరుసల రోడ్డు మీద ఇంతకాలం 80 బోర్డు ఉండేది. దాన్ని 60కి తగ్గిస్తున్నారని పేపర్లో చదివాను. కొన్నాళ్ళకు కొత్త బోర్డు పెట్టారు. అది కనబడగానే వేగం తగ్గించడం మొదలుపెట్టాను. అయినా బోర్డు దాటిన కాస్త దూరంలో నా కారు 74లో వెళ్ళిందంటూ చలానా వచ్చింది. పరిమితి మార్చినప్పుడు డ్రైవర్లకు కొన్ని రోజుల గడువు ఉండదా? బోర్డు దాటాక తగ్గించుకోవడానికి కొంత దూరం వదలరా?

జవాబు: రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు, లేదు. అయితే మీ చలానా చెల్లుతుందా లేదా అన్నది ఇంకో విషయం మీద ఆధారపడి ఉంది. దాన్ని తేల్చుకోకుండా డబ్బు కట్టేయకండి.

పేపర్లో వచ్చిన వార్తతో పరిమితి మారదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 112(2) సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన సంస్థ గానీ ఒక రోడ్డు మీద వేగాన్ని తగ్గించాలంటే రెండు పనులు చేయాలి. గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి, తగిన చోట బోర్డులు పెట్టించాలి. గెజిట్ వచ్చి బోర్డు పెట్టకపోతే తగ్గించిన పరిమితి డ్రైవరుకు ఎలా తెలుస్తుంది? అందుకే చట్టం రెండూ కావాలంది. ఒక మినహాయింపు ఉంది. నెల రోజులకు మించని ఆంక్షకు గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదు. రోడ్డు పనులు జరిగేటప్పుడు తాత్కాలికంగా పెట్టే బోర్డులు ఈ కోవలోకి వస్తాయి.

ఈ రెండూ పూర్తయ్యాక ‘అలవాటు పడేదాకా’ అనే గడువు చట్టంలో ఎక్కడా లేదు. కొత్తలో కొన్నాళ్ళు పోలీసులు హెచ్చరించి వదిలేస్తే అది వాళ్ళ ఔదార్యం, మన హక్కు కాదు.

ఇక దూరం సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. బోర్డు మీద రాసినది బోర్డు ఉన్న చోటు నుంచే వర్తిస్తుంది. అంటే బోర్డు పక్కకు వచ్చేసరికే మీ వేగం 60 లోపు ఉండాలి. బోర్డు చూసి తగ్గించడం మొదలుపెట్టడమూ, బోర్డు దగ్గరికి తగ్గి ఉండటమూ ఒకటి కాదు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లకు పైనే. మెత్తగా బ్రేకు వేస్తూ 60కి రావాలంటే ఎంత లేదన్నా మూడు సెకన్లు, 50 మీటర్ల పైచిలుకు దూరం పడుతుంది. ఆ దూరం బోర్డుకు ముందే అయిపోవాలి. పరిమితి పెంచే బోర్డుకూ ఇదే సూత్రం. ముందు 80 అని కనబడుతోంది కదా అని 60 ప్రాంతంలోనే యాక్సిలరేటర్ తొక్కితే అదీ ఉల్లంఘనే. ఇది డ్రైవర్ల మీద పగబట్టి పెట్టిన రూలు కాదు. వేగం తగ్గించే చోట సాధారణంగా బడో, ఊరో, మలుపో ఉంటుంది. అక్కడ రోడ్డు దాటే మనిషికి మనం ‘తగ్గిస్తున్నాం’ అన్నది రక్షణ కాదు, తగ్గి ఉండటమే రక్షణ.

బోర్డే లేకపోతే పరిమితీ లేదనుకోవడం కూడా తప్పే. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్ల మీద 100, మునిసిపల్ పరిధిలోని రోడ్ల మీద 70 గరిష్ఠం. దీనికి ప్రతి చోటా బోర్డు ఉండనక్కర్లేదు. రాష్ట్రం దీనికన్నా తగ్గించినప్పుడే బోర్డు కీలకమవుతుంది.

మీ విషయానికి వస్తే, ముందు ఆ 60 పరిమితికి గెజిట్ నోటిఫికేషన్ ఉందా, బోర్డు ఏ తేదీన పెట్టారు అన్నవి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఈలోగా చలానాలోని తేదీ, సమయం, స్థలం సరిచూసుకోండి. కెమెరా బోర్డుకు ఇవతల ఉందా, అవతల ఉందా చూడండి. ఇవతల ఉంటే మీకు పాత 80 వర్తిస్తుంది, 74 నేరమే కాదు. బోర్డు కొమ్మల చాటున ఉన్నా, తిరగబడి ఉన్నా ఆలస్యం చేయకుండా ఫొటోలు తీయండి. నెల తర్వాత తీసిన ఫొటో ఆ రోజు పరిస్థితిని రుజువు చేయదు. కెమెరాలతో నిఘా పెట్టిన రోడ్డుకు ముందు హెచ్చరిక బోర్డులు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 167ఎ చెబుతోంది. అదీ గమనించండి.

ఒక జాగ్రత్త. గెజిట్ దొరకలేదని తేలినా రేపటి నుంచి ఆ బోర్డును పట్టించుకోనక్కర్లేదని కాదు. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు కచ్చితంగా పాటించాల్సిన గుర్తు, 119వ సెక్షన్ ఆ బాధ్యత డ్రైవరు మీద పెట్టింది. కేసులో వాదించుకోవడం వేరు, రోడ్డు మీద పాటించడం వేరు.

183వ సెక్షన్ కింద కారుకు జరిమానా వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. రెండోసారి పట్టుబడితే లైసెన్సు స్వాధీనం చేసుకునే వీలుంది, కాబట్టి చిన్న మొత్తమే కదా అని తేలిగ్గా తీసుకోకండి. నోటిఫికేషన్, బోర్డు రెండూ సక్రమంగా ఉండి, కెమెరా బోర్డుకు అవతలే ఉంటే ‘తగ్గిస్తూనే ఉన్నాను’ అన్న వాదన నిలవదు, కట్టేయడమే మంచిదని నా అభిప్రాయం. ఏ ఒక్కటి లోపించినా కట్టకుండా, చలానాలో చెప్పిన గడువు దాటకముందే ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఒకసారి కట్టాక ఆ వ్యవహారం ముగిసినట్టే, తిరిగి తెరిపించడం చాలా కష్టం.