పొలాల కింద పాత సముద్ర తీరం: నల్ల ఇసుక బోర్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: భీమిలి తీరంలో నల్ల ఇసుక కంటికే కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, గోధుమ పొలాల కింద దాన్ని వెతుకుతారట. పైన ఏ గుర్తూ లేనప్పుడు బోరు ఎక్కడ వెయ్యాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: మీరు విన్నది ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని ముర్రే బేసిన్ గురించి. సుమారు అరవై లక్షల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. అది వెనక్కి తగ్గుతూ ఒక తీరం తర్వాత ఒక తీరాన్ని వదిలిపోయింది. చేటలో చెరిగినట్టు అలలు తేలిక ఇసుకను లాక్కుపోయి, ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ వంటి బరువు గింజలను ఒడ్డున గీతలా మిగిల్చాయి. తర్వాత పేరుకున్న ఇసుక, బంకమట్టి వాటిని కప్పేశాయి.

ఒక్కో గీత పొడవు కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. వెడల్పు మాత్రం చాలాసార్లు ఒకటి రెండు వందల మీటర్లే. ఈ ఇసుకలో ఉండే మోనజైట్ అనే ఖనిజపు రేడియోధార్మికత ఇక్కడ సాయపడదు, ఎందుకంటే పై అర మీటరు మట్టే గామా కిరణాలను ఆపేస్తుంది. ఇల్మనైట్‌కు కొద్దిగా అయస్కాంత గుణం ఉంది కాబట్టి, విమానం నుంచి చేసే అయస్కాంత సర్వేలో కొన్నిచోట్ల సన్నటి చార దొరుకుతుంది. నేల ఎత్తుల పటంలో పాత తీరపు గట్లు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వరుసలుగా కనిపిస్తాయి. బోర్ల వరుసను వాటికి అడ్డంగా వెయ్యాలి. వరుసకూ వరుసకూ మధ్య కిలోమీటరు ఉన్నా ఫరవాలేదు. ఒకే వరుసలో బోర్ల మధ్య రెండు వందల మీటర్లు వదిలితే మాత్రం గీత మొత్తం ఆ సందులోంచి జారిపోవచ్చు.

ప్రశ్న: జియాలజీ చదివి పెర్త్‌లో ఎయిర్‌కోర్ రిగ్ (గాలి ఊది శాంపిల్ తీసే బోరు యంత్రం) మీద చేరబోతున్నాను. శాంపిల్ విషయంలో దేనికి ఎక్కువ జాగ్రత్త పడాలి?

జవాబు: నీటికి. ఎయిర్‌కోర్‌లో రాడ్డు అంటే గొట్టంలో గొట్టం. రెండిటి మధ్య నుంచి గాలి కిందికి పోతుంది, మూడు రెక్కల బిట్ కోసిన ఇసుక లోపలి గొట్టంలోంచి సైక్లోన్‌కి (గాలి నుంచి ఇసుకను వేరుచేసే డబ్బాకు) వస్తుంది. భూగర్భ నీటిమట్టం పైన పని సాఫీగానే సాగుతుంది. దాని కిందికి దిగాక, మూడు మీటర్లకోసారి రాడ్డు కలపడానికి గాలి ఆపగానే, నీటి ఒత్తిడికి ఇసుక బిట్‌లోకి ఎగదన్నుకొస్తుంది. అందుకే రాడ్డు కలిపాక వెంటనే కొయ్యనివ్వకండి. బిట్‌ను కాస్త పైకెత్తి, లోపలున్నది పూర్తిగా బయటికి వచ్చేదాకా గాలి ఊదించి, ఆ మాలును పారేయించి, అప్పుడే ముందుకు పోనివ్వండి. గాలి మరీ తక్కువైతే బరువు గింజలు అడుగునే ఉండిపోతాయి, మరీ ఎక్కువైతే బోరు గోడలు కోసుకుపోతాయి.

సంచీ బరువు తప్పకుండా చూడండి. 80 మిల్లీమీటర్ల బోరులో ఒక మీటరుకు దాదాపు 5 లీటర్ల ఇసుక, పొడి బరువులో సుమారు 9 కిలోలు రావాలి. ఆరబెట్టాక 15 కిలోలు తూగితే గోడలు కూలుతున్నట్టు, 4 కిలోలే ఉంటే ఎక్కడో పోతున్నట్టు. తడి ఇసుక సైక్లోన్ గోడలకు అంటుకుంటుంది, కాబట్టి రాడ్డు మార్చిన ప్రతిసారీ తట్టించి, కడిగించండి.

లాబ్ ఫలితాలు వచ్చాక రెండు ఆనవాళ్లు వెతకండి. మొదటిది, ప్రతి మూడో మీటరుకూ గ్రేడ్ (బరువు ఖనిజపు శాతం) లేవడం. రెండోది, ఖనిజపు పొర అయిపోయాక కూడా 12, 6, 3, 1.5 శాతం అంటూ తోకలా సాగడం. పాత తీరపు గీత అడుగు చాలాసార్లు కత్తితో కోసినట్టు తెగుతుంది. కాబట్టి ఆ తోకను పైనుంచి జారిన గింజలుగానే అనుమానించాలి. పక్కనే సోనిక్ రిగ్‌తో (కంపనాలతో దిగి, పొరలు చెదరకుండా శాంపిల్ తీసే యంత్రంతో) ఒక జంట బోరు వేసి పోల్చుకోనిదే ఆ అడుగు మీటర్లను టన్నుల లెక్కలో కలపకూడదు. ఇందులో మొహమాటం వద్దు.

ప్రశ్న: మన దేశంలో ఈ అన్వేషణ ఎవరు చేస్తారు?

జవాబు: ప్రధానంగా అణు ఖనిజాల డైరెక్టరేట్. ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది. ఈ ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉండటమే కారణం.

ప్రశ్న: రిగ్ దగ్గర శాంపిల్‌ను పాన్‌లో (వెడల్పాటి పళ్లెంలో) కడిగి, బరువు ఖనిజం 8 శాతం అని రాశాం. లాబ్ 5 అంది. ఎవరిది తప్పు?

జవాబు: ఇద్దరిదీ కాకపోవచ్చు. కడిగినప్పుడు బంకమట్టి కొట్టుకుపోతుంది, మీరు చూసేది మిగిలిన ఇసుకలో శాతం. లాబ్ మొత్తం పొడి బరువు మీద లెక్క కడుతుంది. శాంపిల్‌లో మూడో వంతు మట్టి, గులకలే అయితే 8 కాస్తా 5 దగ్గరికి వస్తుంది.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. కన్ను చూసేది పరిమాణాన్ని, లాబ్ తూచేది బరువును. క్వార్ట్జ్ సాంద్రత 2.65, బరువు గింజలది సుమారు 4.5. పరిమాణంలో 8 శాతం బరువులో దాదాపు 13 అవుతుంది. మట్టి తక్కువున్న ఇసుకలో పాన్ అంచనా లాబ్ కంటే తగ్గేది ఇందుకే.

మరో సంగతి. లాబ్‌లో 2.85 సాంద్రత ద్రవంలో మునిగిందంతా బరువు ఖనిజం కిందే లెక్క, అందులో పనికిరాని ఇనుపరాతి గింజలూ ఉంటాయి. పాన్‌లో మిగిలిన నల్లటి చారను భూతద్దంతో చూడండి. మెరిసే నల్ల గింజలు ఇల్మనైట్ కావచ్చు. మెరుపు లేకుండా గోధుమ రంగులో, గోరుతో గీరితే పొడి రాలేవి ఉంటే అవి ఇనుపరాతివి కావచ్చు, లాగ్‌లో (బోరు రికార్డులో) విడిగా రాసి పెట్టండి.