చావు భయం పోతుందా? ఫోటో స్టూడియోలో కూర్చుని నేను చూసినంతవరకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీకు ముప్పై రెండేళ్లు, ఏ జబ్బూ లేదు. అయినా లైటు ఆర్పగానే "ఒకరోజు నేను ఉండను" అన్న ఆలోచన వచ్చి గుండె దడదడలాడుతోంది. మనిషికి చావు లేకుండా ఉండాలన్న ఆశ ఎందుకు, ఈ భయం ఎప్పటికైనా పోతుందా అని అడిగారు.

వేదాంతం చెప్పే చదువు నాకు లేదు. హనుమకొండలో ఫోటో స్టూడియో నడుపుతాను, ముప్పై ఏళ్లు దాటింది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు అందరికీ తెలిసిన పని. పెద్దగా చెప్పుకోని పని ఇంకొకటి ఉంది: పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టడం. ఇంట్లో మనిషి పోయిన మూడో రోజుకో నాలుగో రోజుకో కొడుకో అల్లుడో వస్తాడు. పదకొండో రోజుకల్లా ఫోటో కావాలి, ఫ్లెక్సీ కూడా కావాలి. చేతిలో ఆధార్ కార్డు ఉంటుంది, లేదంటే ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫోటో. గుంపు ఫోటో అయితే పోయినాయన భుజం మీద పక్కవాడి చేయి ఉంటుంది, అది చెరిపేయమంటారు. ఆ చేయి ఎవరిదని అడిగితే చాలాసార్లు ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత కోరికలు మొదలవుతాయి. జుట్టు కొంచెం నల్లగా చేయండి. బనియను మీద చొక్కా వేయండి. కళ్లు సగం మూసుకుపోయాయి, తెరవండి. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు వాళ్ల అమ్మ ఫోటో తెచ్చి, మెడలో రెండు వరుసల బంగారు గొలుసు వేయమన్నారు. ఎలాంటి గొలుసు అని అడిగితే చిన్నవాడు తల దించుకుని, "బతికి ఉండగా చేయించలేకపోయాం అన్నా, మీకు నచ్చింది వేయండి" అన్నాడు. కంప్యూటర్‌లో అది పది నిమిషాల పని. ఆ రోజు నాకు గంట పట్టింది.

2013లో ఒక పెద్దమ్మ పరకాల వైపు నుంచి బస్సెక్కి ఒంటరిగా వచ్చింది. చేతి సంచిలో మడతపెట్టిన పట్టుచీర. "దండ వేసే ఫోటో తీయి బిడ్డా" అంది. ఎవరు పోయారమ్మా అని అడిగాను. "నేనే. పోయాక తీస్తే బాగుండదు కదా!" కర్ర పట్టుకుని లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. కొంగు అంచు కనబడుతోందా లేదా అని నాలుగుసార్లు అడిగింది. నవ్వమంటే ఒప్పుకోలేదు, నవ్వుతున్న ఫోటోకు దండ వేస్తే కోడళ్లు ఏమనుకుంటారని. అప్పుడు నాకు నలభై రెండేళ్లు. ఆమె వెళ్లిపోయాక మా కుర్రాడూ నేనూ చాలాసేపు నవ్వుకున్నాం. చావు మా దుకాణానికి గిరాకీ, మా ఇంటి చుట్టం కాదు అన్నట్టు ఉండేవాణ్ని ఆ రోజుల్లో.

ఐదేళ్ల తర్వాత ఒక అర్ధరాత్రి ఎడమ దవడ లాగింది, చెమట పట్టింది. తెల్లారేసరికి గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు భయం లేదు, చుట్టూ మనుషులు ఉన్నారు. ఇంటికొచ్చాక మొదలైంది అసలు సంగతి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే దిండులోంచి నా గుండె చప్పుడే వినబడేది. అది ఆగిపోతుందేమోనని కాపలా కాసేవాణ్ని. మీరు రాసిన దడ, చేతివేళ్ల తిమ్మిరి, ఒళ్లు చల్లబడటం అన్నీ నాకు తెలుసు. బీపీ మిషను కొనుక్కుని రాత్రికి ఐదారుసార్లు చూసుకునేవాణ్ని. నాలుగుసార్లు పరుగెత్తి ఈసీజీ తీయించుకున్నాను, నాలుగూ బాగానే వచ్చాయి. బాగుందన్న మాట ఇచ్చే ధైర్యం ఆటో దిగేదాకా ఉండేది, మెట్లెక్కేలోపు అయిపోయేది.

చివరికి గుండె డాక్టరుగారే నన్ను మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన చెప్పిన రెండు విషయాలు మీకూ పనికొస్తాయి. భయంలో ఊపిరి వేగంగా తీసుకుంటాం. అలా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరిని చూసి చావు వచ్చిందనుకుని ఇంకా వేగంగా పీలుస్తాం. రెండోది, నాడి పట్టి చూసుకోవడం, పదిమందిని అడగడం, ఫోనులో జబ్బుల గురించి వెతకడం, ఇవన్నీ భయానికి వేసే మేత. చూసుకున్న ప్రతిసారీ "చూసుకోవాల్సినంత ప్రమాదం ఉంది" అని మనసుకు మనమే నేర్పుతున్నామట. బీపీ మిషను మా చెల్లెలి ఇంటికి పంపేశాను. మొదటి పది రోజులు నరకం. తర్వాత తగ్గింది. మీకు నిద్ర పాడై రెండు మూడు వారాలు దాటితే సిగ్గుపడకుండా వెళ్లి డాక్టరుకు చూపించుకోండి. దీనికి మందులున్నాయి, మాట్లాడి నయం చేసే పద్ధతులూ ఉన్నాయి.

ఒళ్లు కుదుటపడ్డాక, నేను దేనికి భయపడుతున్నానో తీరిగ్గా చూసుకున్నాను. అందులో సగం చావుకు సంబంధించినదే కాదు. దుకాణం మీద ఇంకా తీరని అప్పుంది. అమ్మాయి చదువు అప్పటికి సగంలో ఉంది. ఇంకొకటి, వింటే నవ్వుతారు, పదకొండు హార్డ్ డిస్కుల్లో ఊరివాళ్ల పెళ్లిళ్లు ఉన్నాయి, ఏది ఎవరిదో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను పోతే వాళ్లందరి పెళ్లిళ్లూ నాతోపాటే పోతాయి. రెండు నెలలు కూర్చుని ఒక్కో డిస్కుకు చీటీ అంటించి, నోటు పుస్తకంలో రాసి, మా ఆవిడకు చూపించాను. ఆ రెండు నెలల్లో తగ్గినంత భయం ఏ పుస్తకం చదివినా తగ్గలేదు. మిగిలిన సగం, అంటే ఈ లోకం ఉంటుంది, నేను ఉండను అన్న ముక్క మాత్రం అలాగే ఉంది. దానికి చీటీ అంటించడం నాకు చేతకాలేదు.

ఇక చావు లేకుండా ఉండాలన్న ఆశ. మా అమ్మాయి బయోటెక్నాలజీ చదివింది. మన కణాలు నలభై నుంచి అరవైసార్లు విడిపోయి ఆగిపోతాయని 1961లోనే హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త చూపించాడట. ఆగకుండా విడిపోతూనే ఉండే కణాలూ ఉన్నాయి, వాటినే క్యాన్సర్ అంటాం. 1951లో చనిపోయిన హెన్రియెటా లాక్స్ అనే అమెరికా ఆవిడ కణితి నుంచి తీసిన కణాలు ప్రయోగశాలల్లో ఇవాళ్టికీ పెరుగుతున్నాయి. ఆవిడను చంపింది ఆ కణాలే. సముద్రంలో ఒక జెల్లీఫిష్ కూడా ఉందట, దెబ్బ తగిలినా ఆకలితో నీరసించినా మళ్లీ తన చిన్నతనపు రూపానికి వెళ్లిపోతుంది, అక్కడి నుంచి కొత్తగా పెరుగుతుంది. "మరి దానికి చావే లేదా?" అని అడిగితే మా అమ్మాయి, "చేప నోట్లో పడితే అంతే బాపూ" అంది.

శరీరంతో కుదరదని తెలిశాక మనిషి పేరు మీద పడతాడు. ఆ ఆశకు ఓరుగల్లు కంటే మంచి బడి ఎక్కడుంది! ఖిలాకు వెళ్లి చూడండి. నాలుగు వైపులా నాలుగు తోరణాలు నిలబడే ఉన్నాయి, అవి ఏ గుడికి ద్వారాలో ఆ గుడి లేదు. పాలంపేటలో 1213లో గుడి కట్టించి శాసనం వేయించింది రేచర్ల రుద్రుడనే సేనాని. జనం దాన్ని రామప్ప గుడి అంటారు, రామప్ప శిల్పి పేరని చెప్పుకుంటారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినా జనం నోట్లో సేనాని పేరు లేదు. మేడారంలో సమ్మక్కకైతే విగ్రహమే లేదు. కాకతీయుల సైన్యంతో పోరాడి, గాయపడి చిలుకలగుట్ట ఎక్కి మాయమైందని, వెతికితే కుంకుమ భరిణె దొరికిందని కథ. ఆ భరిణె కోసం రెండేళ్లకోసారి లక్షలమంది నిలువెత్తు బెల్లం మోసుకుని వెళ్తారు. ముఖాలు అమ్ముకుని బతికే నాకు ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. మన వైపు అందరికంటే బాగా బతికి ఉన్న మనిషికి ముఖమే లేదు.

మా బాపు అస్థికలు కాళేశ్వరంలో కలిపాం. భూపాలపల్లి దాటాక అడవి దారి, ఆ ప్రయాణంలో ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకరు యముడు, ఒకరు ముక్తేశ్వరుడు. ముందు యముడికి మొక్కి తర్వాత శివుడికి మొక్కాలి. దాని వెనక కథ పూజారి చెప్పాడు. ముక్తేశ్వరుడు వచ్చినవాళ్లందరికీ ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన వెళ్లి మొరపెట్టుకుంటే, సరే, నా పక్కనే కూర్చో, ముందు నిన్ను కొలిచినవాడికే నా ముక్తి అన్నాడట శివుడు. పని పోయిందని ఫిర్యాదు చేసిన యముణ్ని తలచుకుని, అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. మా అన్న కోపంగా చూశాడు. స్టెంటు తర్వాతి రాత్రుల్లో నాకు తరచుగా గుర్తొచ్చింది ఆ పానవట్టమే. ఎందుకో చెప్పలేను. ఆ ఇద్దరినీ వేర్వేరు గుళ్లలో పెట్టకపోవడం మాత్రం నాకు నచ్చింది.

ఇప్పుడు కొత్త గిరాకీ మొదలైంది, ఫోటోలో ఉన్నవాళ్లను కదిలించడం. నిరుడు ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఫోటో తెచ్చి, రెప్పలు ఆడించి నవ్వేలా వీడియో చేయమంది. కృత్రిమ మేధ యాప్‌లతో ఐదు నిమిషాల్లో అవుతుంది, చేసి ఇచ్చాను. వాళ్లమ్మ పక్కనే ఉంది. ఆమె ఫోను అందుకుని, వీడియో రెండుసార్లు చూసి, బల్ల మీద బోర్లించింది. "మీ నాన్న పళ్లు కనబడేలా ఎన్నడు నవ్వాడే?" అంది. నేను డబ్బులు తీసుకోలేదు. ఈ పని మానేద్దామా అంటే, అడిగేవాళ్లు ఏడుస్తూ అడుగుతారు. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

పెత్రామాస ముందు వారం మా దగ్గర రద్దీ ఎక్కువ. పెద్దల పేరిట బియ్యం ఇచ్చే రోజు కదా, పగిలిన అద్దాలు, చెమ్మ పట్టిన ఫోటోలు అన్నీ అప్పుడే బయటికొస్తాయి. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున తాత ఫోటోకు అద్దం మార్పించుకుని వెళ్లిన ఇంటివాళ్లే సాయంత్రానికి తంగేడు, గునుగు పూలు పేర్చుకుని వేయి స్తంభాల గుడి దగ్గర కనబడతారు. వాళ్లు ఏదో భయాన్ని జయించి అక్కడికి వచ్చారని నేను అనను. పూలు వాడిపోకముందే రావాలన్న తొందర తప్ప వాళ్ల ముఖాల్లో నాకు ఇంకేమీ కనబడదు.

నాకు ఇప్పటికీ నెలకు ఒకటి రెండుసార్లు తెల్లవారుజామున మెలకువ వస్తుంది. లేచి మంచినీళ్లు తాగి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ కిటికీ దగ్గర కూర్చుంటాను. పాలబండి వచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. ఒకప్పుడు ఆ భయం రాత్రంతా ఉండేది.

చెప్పడం మరిచాను. ఆ పరకాల పెద్దమ్మ 2022లో మళ్లీ వచ్చింది. అదే సంచి, చీర మాత్రం వేరు. పాత ఫోటో గోడకు తగిలించుకుంటే మనవలు, "ఇది నువ్వేనా అవ్వా, ఇంత పడుచుగా ఉన్నావా?" అని ఎగతాళి చేస్తున్నారట, దండ వేసే రోజుకు ఎవరూ గుర్తుపట్టరేమోనని కొత్తది తీయించుకోవడానికి వచ్చింది. ఈసారి నేను నవ్వలేదు, ఆమె కొంచెం నవ్వింది. మూడు వందలైతే నూట యాభై ఇచ్చి, మిగతావి వచ్చేసారి ఫోటోకు కలిపి ఇస్తానంది.