దూకేది గుర్రం, అమ్మణ్ణీ

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి పెదనాన్న ఆశీస్సులు.

షో జంపింగ్‌లో, అదే గుర్రాన్ని అడ్డకర్రల మీదుగా దూకించే పోటీలో, రెండు కర్రలు పడి ఎనిమిది ఫాల్ట్‌లు (తప్పు పాయింట్లు) వచ్చాయని, గుర్రం పొట్టిది కాబట్టి మార్చాలేమోనని రాశావు. మీ అమ్మ పంపిన వీడియో పదిసార్లు చూశాను. గుర్రంలో ఏ లోపమూ లేదు. రెండుసార్లూ నువ్వు దూరం నుంచే దాన్ని తరుముకొచ్చి, కర్ర దగ్గరికి రాగానే భయపడి కళ్ళెం గుంజావు.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. సరిగ్గా ముక్కు ముందున్నది దానికి కనపడదు. ఎగిరే క్షణంలో ఆ కర్ర దాని చూపులోనే ఉండదు. అంతకుముందు చూసిందాన్నీ, నిన్నూ నమ్ముకుని ఎగురుతుంది. అప్పుడు నువ్వు కళ్ళెం లాగితే తల పైకెత్తేస్తుంది, వెన్ను బిగుసుకుంటుంది, వెనక కాళ్ళు కర్రకు తగులుతాయి. దూకేది గుర్రమే, నువ్వు కాదు. సరైన నడకలో సరైన చోటికి తెచ్చి, ఆపైన చేతులు ముందుకు వదలడమే నీ పని.

పోటీకి ముందు మైదానంలో నడిచి చూసుకోనిస్తారు కదా, ఆ కాసేపూ ఫోన్ ఎవరికైనా ఇచ్చేయ్. గుర్రం అంగ ఒకటి సుమారు 12 అడుగులు. అంటే నీవి మూడడుగుల అంగలు నాలుగు. రెండు అడ్డకర్రల మధ్య నీ అంగలు లెక్కపెట్టి, అందులోంచి మొదటి కర్ర దాటి దిగడానికి రెండు, మళ్ళీ ఎగరడానికి రెండు తీసేసి, మిగిలినదాన్ని నాలుగుతో భాగించు. నీకు 24 అంగలు వస్తే గుర్రానికి ఐదు. ఐదున్నర వచ్చిందనుకో, సాగదీసి ఐదు వేయించాలా, కుదించి ఆరా అన్నది కింద ఉన్నప్పుడే తేల్చుకోవాలి. ఎక్కాక ఆలోచిస్తే టెన్షనే. నేను ఇక్కడ వెటర్నరీ కాలేజీలో ఎన్సీసీ గుర్రాల మీద నేర్చుకునే రోజుల్లో, అలిపిరి రోడ్డులో కరెంటు స్తంభాల మధ్య అంగలు కొలుచుకుంటూ నడిచేవాణ్ణి. అచ్చం మూడడుగులే పడేదాకా వదల్లేదు.

ఇంకో మాట. ఒకనాడు ఆలస్యమైందని గిట్టలు శుభ్రం చేయకుండానే ఎక్కాను. గిట్ట అడుగున ఇరుక్కున్న గులకరాయి వల్ల ఆ గుర్రం మూడు వారాలు కుంటింది. ఆ కుంటుడు నా కళ్ళముందు ఇప్పటికీ ఉంది. పనివాళ్ళున్నా సరే, గిట్టలు నువ్వే చూడు. రోజూ నాలుగు కాళ్ళూ మోకాలి నుంచి కిందికి అరచేత్తో తడుము. ఎక్కడైనా వేడి తగిలితే ఆ రోజు దూకించొద్దు, ఎంత పెద్ద పోటీ అయినా సరే.

పొట్టి గుర్రం అన్నావు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో మేరియన్ కోక్స్ అనే అమ్మాయి స్ట్రోలర్ అనే పోనీ (పొట్టి గుర్రం) మీద మగవాళ్ళతో సమానంగా దూకి వ్యక్తిగత రజతం తెచ్చుకుంది. ఈ ఆటలో ఆడవాళ్ళకు వేరే పోటీ లేదు, వేరే ఎత్తూ లేదు. వయసైపోతోందన్న తొందర కూడా వద్దు. బ్రిటన్ రౌతు నిక్ స్కెల్టన్‌కు 2000లో మెడ విరిగింది. మరుసటి ఏడు రిటైరయ్యాడు, 2002లో మళ్ళీ జీనెక్కాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో బిగ్ స్టార్ అనే గుర్రం మీద స్వర్ణం గెలిచేటప్పటికి ఆయనకు 58 ఏళ్ళు. ఆ గుర్రం కూడా మధ్యలో గాయపడి చాలాకాలం పోటీలకు దూరంగా ఉండి వచ్చిందే.

కొత్త గుర్రం సంగతి మీ నాన్న దగ్గర ఇప్పుడు ఎత్తొద్దు. ఈ ఏడాదంతా దీనితోనే, తక్కువ ఎత్తులో, కళ్ళెం గుంజకుండా దూకించు.

సెలవులకు రా. పెద్దమ్మ ఉలవచారు కాస్తానంటోంది. ఇంటి ముందు సుద్దతో గీతలు గీసి ఉంచుతాను, పొద్దున్నే నడుద్దాం.

మీ పెదనాన్న