గొడుగులు ఒకచోట, తుపాకులు ఇంకొకచోట

అడగండి, చెబుతాను
(కావలి నుంచి ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడి జవాబులు)

ప్రశ్న: టీ అంగడి దగ్గర మాకు రోజూ ఇదే వాదన. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పారాచూట్ దళాన్ని మించినది లేదని మా మిత్రుడు అంటాడు. అంత గొప్పదైతే 1941 తర్వాత హిట్లర్ దాన్ని పక్కన ఎందుకు పెట్టాడు?
- ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మీ మిత్రుడు సగం కథ దగ్గర ఆగిపోయాడు. ఆ సగం నిజమే. 1940 మే 10 తెల్లవారుజామున బెల్జియంలోని ఎబెన్ ఎమాయెల్ కోట నెత్తిన ఇంజను లేని గ్లైడర్లు చప్పుడు లేకుండా వాలాయి. దిగిన జర్మన్లు ఈ పారాచూట్ దళం వాళ్లే, 80 మందికి లోపే. 50 కిలోల పేలుడు గుండ్లను ఉక్కు గుమ్మటాలకు ఆనించి పేల్చారు. మర్నాటికి కోట లొంగిపోయింది. వాళ్ల నాయకుడు విట్సిగ్ ఎక్కిన గ్లైడర్‌ను లాగే తాడు దారిలోనే తెగిపోయి, ఆయన జర్మనీలోనే ఒక పొలంలో దిగాల్సి వచ్చింది. ఇంకో విమానాన్ని రప్పించుకుని వచ్చేసరికి పని చాలావరకు అయిపోయింది. పెద్దదిక్కు లేకున్నా ఎవరి పని వాళ్లు చేసుకుపోయారంటే ఆ సాధన అలాంటిది. అంతవరకు నేనూ మెచ్చుకుంటాను.

మిగతా సగం పేరు క్రీట్. 1941 మే 20న ఆ గ్రీకు దీవి మీద వేలమంది దూకారు. ముందు వాళ్ల పారాచూట్ సంగతి చెప్పాలి. బడిలో ఉండగా నేను ఉదయగిరి చెక్క గరిటెకు చేతిరుమాలు కట్టి మేడ మీద నుంచి వదిలేవాడిని. నాలుగు దారాలూ గరిటె వీపున ఒకే ముడిగా వేస్తే అది బోర్లా వేలాడుతూ వచ్చి నేలకు మూతి కొట్టుకునేది. పిల్లలు పగలబడి నవ్వేవారు. జర్మన్ పారాచూట్ గొడుగూ ఇంతే. తాళ్లన్నీ వీపు వెనక కలిసేవి, దూకినవాడి చేతికి అందేవి కావు. గాలి ఎటు తోస్తే అటు పోవడమే. నేలను తాకేటప్పుడు అరచేతులూ మోకాళ్లూ ముందు. మోకాళ్లకు మెత్తలు కట్టుకున్నది అందుకే. అలా పడేవాడు పొడుగు తుపాకి పెట్టుకోలేడు కనుక చాలామంది దగ్గర ఒక పిస్తోలు, కొన్ని గ్రెనేడ్లు మాత్రమే ఉండేవి. రైఫిళ్లు, మెషిన్ గన్లు వేరే పెట్టెల్లో, వేరే గొడుగులకు వేలాడుతూ దిగేవి. కోత మనుషులను ఒక మడిలో దించి, కొడవళ్ల మూటను నాలుగు మళ్ల అవతల పడేస్తే ఎలా ఉంటుందో మన రైతుకు వేరే చెప్పాలా?

పైగా జర్మన్ల సంకేత సందేశాలను బ్రిటిష్ వాళ్లు ముందే విప్పి చదివారు. కింద న్యూజిలాండ్ సైనికులు కాచుకుని ఉన్నారు. ఊళ్లలోని జనం కూడా కత్తులు, కొడవళ్లు పట్టుకుని పైబడ్డారు. పెట్టె దాకా పాకేలోపే ఎంతోమంది కూలిపోయారు.

దీవి చివరకు జర్మన్లకే దక్కింది. మాలెమె విమానాశ్రయాన్ని కాచే గుట్టను న్యూజిలాండ్ దళం కబురు సరిగా అందక ఆ రాత్రి వదిలేసింది. ఇంకేముంది, జర్మన్ విమానాలు పర్వత దళాన్ని నేరుగా అక్కడే దించాయి. గొడుగుల దండును రన్‌వే గట్టెక్కించిందన్నమాట. జర్మన్లలో చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి దాదాపు 4,000. గొడుగు దళాల రోజులు అయిపోయాయని హిట్లర్ వాళ్ల సేనాని కుర్ట్ స్టూడెంట్‌తో తేల్చేశాడు. ఆ తర్వాత చిన్నా చితకా దాడులు తప్ప, గొడుగులతో దిగడం ఆ స్థాయిలో మళ్లీ జరగలేదు. 1944లో ఇటలీలోని మోంటే కాసినో శిథిలాల్లో పట్టు విడవకుండా పోరాడింది ఈ దళమే, మామూలు కాల్బలంగా. తమాషా ఏమిటంటే, అదే క్రీట్‌ను చూసి బ్రిటన్, అమెరికా తమ పారాచూట్ దళాలను పెంచుకున్నాయి.

మీ మిత్రుడికి కొండోమరి పేరు కూడా చెప్పండి. 1941 జూన్ 2న ఆ క్రీట్ ఊరి మగవాళ్లను ఆలివ్ తోటలో నిలబెట్టి కాల్చేసింది ఈ దళమే. వాళ్లతో ఉన్న జర్మన్ ఫొటోగ్రాఫరే ఫొటోలు తీశాడు, బుకాయించడానికి లేదు.

ప్రశ్న: పారాచూట్ దళం, ఎస్ఎస్ ఒకటేనా?
- ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: కాదమ్మా. పారాచూట్ దళం గోరింగ్ కింది వైమానిక సేనది. ఎస్ఎస్ హిమ్లర్ చేతిలోని నాజీ సంస్థ, వాఫెన్ ఎస్ఎస్ దాని సాయుధ సేన. 1944 జూన్ 10న ఫ్రాన్స్‌లోని ఒరదూర్ గ్రామంలో 640 మందికి పైగా చంపింది ఆ సేనలోని ‘దాస్ రైష్’ డివిజనే. 1946లో నాజీల యుద్ధ నేరాలను విచారించిన నురెంబర్గ్ న్యాయస్థానం ఎస్ఎస్‌ను నేరస్థ సంస్థగా ప్రకటించింది.

ప్రశ్న: జర్మన్ సైన్యంలో మనవాళ్లు ఉన్నారా?
- ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఉన్నారు, కాని మేటి దళంగా కాదు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ సైనికులతో సుభాష్ చంద్రబోస్ ఒక దళం కట్టాడు. సుమారు 3,000 మంది. వాళ్లను ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరాన కాపలాకు పెట్టారు. 1944 ఆగస్టులో ఎస్ఎస్ కిందికి మార్చారు. అప్పటికి బోస్ అక్కడ లేడు. 1943 ఫిబ్రవరిలోనే కీల్ రేవులో జర్మన్ జలాంతర్గామి ఎక్కాడు. వెంట ఉన్న భారతీయుడు ఒక్కడే, మన హైదరాబాదు ఆబిద్ హసన్. ఏప్రిల్ చివర మడగాస్కర్ దగ్గర, పోటెత్తిన సముద్రంలో, రబ్బరు తెప్ప మీద తడిసి ముద్దవుతూ ఇద్దరూ జపాన్ జలాంతర్గామికి మారారు. తుమ్మలపెంట తీరంలో మోకాలి లోతు దాటని నాకు ఆ తెప్పను తలుచుకుంటేనే కాళ్లు వణుకుతాయి.